గాలివానకు ముందు ఊరు విడుచుట

(బరంపురమునందలి తెలుగు కుటుంబముల వార్షిక సమ్మేళనమున చేసిన ప్రసంగము యొక్క పాఠము)



విదేశమున చదువుకొనిన కాలమును గురించి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. అమెరికాలోని మేడలను గురించియు, రహదారులను గురించియు, అచ్చటి జీతములను గురించియు మీరు వినని సంగతి నావద్ద ఏదియు లేదు. మన వీధులలో ఏ నాలుగిండ్లు చూచినను ఒక బిడ్డ ఆ దేశమున ఉన్న కాలమిది. కావున ఒక్క విషయమునే ఎన్నుకొంటిని. 2005 సెప్టెంబరు నెలలో రీటా అను గాలివాన వచ్చుచున్నదని తెలిసి, టెక్సాసు రాష్ట్రములోని హూస్టను నగరమునుండి, దాని పరిసరములనుండి ఇరువది లక్షలకు పైబడిన జనులు ఇండ్లు విడిచిపోయిరి. అప్పుడు నేను అచ్చట విద్యార్థిని. ఆ జనప్రవాహములో నేనును ఒకడను. సముద్రమునకు దాపున తరతరములుగా కాపురముండు మనకు ఆ అనుభవము కొంత అక్కరకు వచ్చునని నా నమ్మకము.

పేర్లు వేరు, గాలి ఒక్కటే

అట్లాంటిక్ మహాసముద్రమున పుట్టిన గాలివానను హరికేన్ అందురు. మన బంగాళాఖాతమున పుట్టినదానిని ఆంగ్లమున సైక్లోను అందురు. మనము తుపాను అందుము. పేర్లు వేరైనను వస్తువు ఒక్కటే. వెచ్చని సముద్రజలమునుండి బలము పుంజుకొని, నడుమ కన్ను నిలుపుకొని, గడియారపు ముల్లునకు ఎదురుదిశగా సుడితిరుగు వాయుచక్రము అది. సైక్లోను అను మాటను కల్పించినవాడు కలకత్తాలో ఉద్యోగము చేసిన హెన్రీ పిడింగ్టన్. పాము చుట్టను తలపించు గ్రీకు మాటనుండి 19వ శతాబ్ది నడిమి కాలమున ఆయన దానిని తీసెను. 1839లో ఉప్పెన పాలైన కోరంగి రేవు మన యానాము సోదరులకు సమీపముననే ఉన్నది. అనగా ఈ శాస్త్రమునకును, మన తీరమునకును సంబంధము నేటిది కాదు.

తుపానులో గాలికంటె ఎక్కువ ప్రాణములు తీయునది నీరు. గాలి తరుముకొని వచ్చిన సముద్రము గోడవలె లేచి భూమిపైకి వచ్చును. దానిని చెప్పుటకు ఆంగ్లేయులు రెండు మాటలను జతచేయవలసి వచ్చినది. మనకు ఉప్పెన అను ఒక్క మాట చాలును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినది ఆ ఉప్పెనయే. అందు వేలకొలది జనులు ఒక్క రాత్రిలో మరణించిరి. ఒక జాతికి ఒక ఆపదను చెప్పు సొంత మాట ఉన్నదనగా, ఆ జాతి ఆ ఆపదను ఎన్నిమారులు చూచియుండునో మీరే ఊహింపుడు.

మూడు వారములకు ముందు

రీటాను గురించి చెప్పుటకు ముందు కత్రీనాను గురించి చెప్పవలెను. 2005 ఆగస్టు 29న కత్రీనా లూసియానా తీరమును తాకెను. న్యూ ఆర్లియన్సు నగరములో పెద్దభాగము సముద్రమట్టమునకు దిగువన ఉన్నది. దానిని కాపాడు గట్లు తెగుటచే నగరములో సుమారు 80 శాతము నీట మునిగెను. పొరుగున మిసిసిపీ తీరమున ఉప్పెన 8 మీటర్లు దాటి లేచెను. వెయ్యిమందికి పైగా మరణించిరి. నగరమును విడిచిపొండని ముందుగనే చెప్పియుండిరి. కాని కారు లేనివారు, వృద్ధులు, రోగులు, చేతిలో పైకము లేనివారు ఎట్లు పోగలరు? వారే వెనుకబడిరి. అట్లు వెనుకబడినవారిలో వేలమందిని తరువాత బస్సులలో హూస్టనునకు తెచ్చి, ఆస్ట్రోడోము అను క్రీడామందిరమున ఉంచిరి.

న్యూ ఆర్లియన్సులోని టులేను విశ్వవిద్యాలయము ఆ అర్ధసంవత్సరమునకు మూతపడెను. అచ్చటి విద్యార్థులు దేశము నలుమూలల ఇతర విశ్వవిద్యాలయములలో చేరి చదువుకొని, 2006 జనవరిలో తిరిగి వెళ్లిరి. ఇందు విదేశీ విద్యార్థుల చిక్కు వేరు. విదేశీ విద్యార్థికి ఆ దేశమున నిలుచు హక్కు అతని చదువును అంటిపెట్టుకొని ఉండును. ఐ-20 అను పత్రమున ఏ విద్యాలయము పేరున్నదో అచ్చట నిండుగా తరగతులు చదువుచుండవలెను. విద్యాలయమే నీట మునిగినప్పుడు ఆ విద్యార్థి ఎవరు? తరువాత ప్రభుత్వము వారికొరకు కొన్ని నియమములను సడలించినది. కాని సడలించువరకు వారు పడిన దిగులు మేము కన్నులార చూచితిమి. ఇల్లు పోయినవానికి ఊరు మిగులును. ఊరు పోయినవానికి దేశము మిగులును. పరదేశమున చదువుకొనువానికి ఒక కాగితము మిగులును.

ఆ రోజులలోనే నేను గమనించిన మరియొక సంగతి కలదు. న్యూ ఆర్లియన్సులోను, బిలాక్సీ తీరములోను వియత్నాము దేశమునుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు వేలకొలదిగా ఉన్నవి. అందు చేపలు, రొయ్యలు పట్టి జీవించువారు అనేకులు. కత్రీనాకు జడిసి వారు హూస్టనునకు పరుగెత్తి వచ్చినప్పుడు, పెద్దలకు ఆంగ్లము రాదు. హూస్టనులో వియత్నామీ భాషలో ప్రసారములు చేయు చిన్న రేడియో ఒకటి ఉండెను. అది వారికి దారి చెప్పెను. ఫలానా అంగడి సముదాయమునకు రండి, అచ్చట మనవారున్నారు, అన్నము, వసతి దొరకునని పలికెను. ఆ పిలుపు విని వారు హాంకాంగు సిటీ మాలు అను బజారునకు చేరిరి. అచ్చటి వియత్నామీ కుటుంబములు ఒక్కొక్కరిని తమ ఇండ్లకు తీసికొనిపోయినవి. ఒక అల్పసంఖ్యాక భాషలోని రేడియో ఆపదవేళ ఎంత పని చేయగలదో లోకమునకు తెలిసినది.

రీటా రాక

కత్రీనా వచ్చి మూడు వారములైన కాలేదు. సెప్టెంబరు 18న రీటా పుట్టెను. ఫ్లోరిడా కొసను రాచుకొని మెక్సికో సింధుశాఖలోని వెచ్చని నీటిపైకి రాగానే దాని బలము హెచ్చెను. అమెరికాలో హరికేనులను గాలి వేగమునుబట్టి ఒకటినుండి అయిదు వరకు తరగతులుగా లెక్కింతురు. 21వ తేదీకి రీటా అయిదవ తరగతికి చేరెను. గాలి గంటకు 280 కిలోమీటర్లు దాటెను. కేంద్రమున వాయుపీడనము 895 మిల్లీబార్లకు పడిపోయెను. మామూలు వేళ అది 1,013 ప్రాంతమున ఉండును. ఆ చక్రము నేరుగా గాల్వెస్టను ద్వీపమువైపునకే, దాని వెనుకనున్న హూస్టనువైపునకే వచ్చునట్లు అప్పటి అంచనాలు తోపజేసినవి. 1900లో గాల్వెస్టనును ముంచిన గాలివానలో కనీసము ఆరు వేలమంది మరణించిరి. అమెరికా చరిత్రలో అంతమందిని బలిగొన్న ప్రకృతి ఉత్పాతము మరియొకటి లేదు. ఆ జ్ఞాపకమునకు కత్రీనా భయము తోడయ్యెను.

గాల్వెస్టనును, తీరపు గ్రామములను, హూస్టనులోని పల్లపు ప్రాంతములను విడిచిపొండని ఉత్తర్వులు వచ్చినవి. హూస్టనులో బేయూలు అను మందగమనపు వాగులు నగరము నడుమ పారుచుండును. మేముండిన ఇల్లు అట్టి వాగు ఒడ్డున పల్లమున ఉండెను. కావున పోవుటయా, ఉండుటయా అను చర్చ మాకు లేకుండెను.

మేము అయిదుగురము. ఒకరిది గుంటూరు, ఒకరిది వరంగల్లు. మరియొకరు మూడు తరములుగా బెంగుళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబమువారు. అయిదవవాడు మెక్సికో దేశస్థుడు. కారు ఒక్కటే. దానికి ప్రాయము పదునాలుగేండ్లు. బెంగుళూరు మిత్రుడు అందరి పాస్‌పోర్టులు, ఐ-20 పత్రములు, మార్కుల జాబితాలు ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి తన చొక్కాలోపల పెట్టుకొనెను. గుంటూరు మిత్రుడు పెద్ద గిన్నె నిండ పులిహోర కలిపెను. నేను మా నాన్నగారితో ఫోనున మాట్లాడితిని. 1999 అక్టోబరులో మన గంజాము తీరమును తాకిన తుపానులో మా ఇంటి పెంకులు లేచిపోయిన రాత్రిని ఆయన మరువలేదు. "నీళ్లు ఎంత పట్టుకోగలిగితే అంత పట్టుకో నాయనా. తిండి లేకపోయినా రెండు రోజులు గడుస్తాయి, నీళ్లు లేకపోతే గడవదు. కాగితాలు ఒంటిమీదే ఉంచుకో" అని చెప్పిరి. అమెరికా రేడియో చెప్పిన దానికిని, మా నాన్నగారు చెప్పిన దానికిని ఏమియు భేదము లేకుండెను.

ముప్పదినాలుగు గంటలు

22వ తేదీ తెల్లవారుజామున మూడు గంటలకు బయలుదేరితిమి. హూస్టనునుండి డల్లాసునకు 45వ నంబరు రహదారిపై సుమారు 385 కిలోమీటర్లు. మామూలుగా నాలుగు గంటల ప్రయాణము. తెల్లవారునప్పటికి మేము నగరమును దాటలేదు. మధ్యాహ్నము మూడు గంటలకు, అనగా పండ్రెండు గంటల పిదప, కాన్రో అను పట్టణమును సమీపించితిమి. అది హూస్టనునుండి 65 కిలోమీటర్లు. ఎండ 37, 38 డిగ్రీలు. పెట్రోలు పొదుపుకొరకు చల్లని గాలి యంత్రమును ఆపివేసితిమి. పిమ్మట ఇంజనును ఆపి, ముందు బండి కదలినప్పుడెల్ల నలుగురము దిగి కారును త్రోసితిమి. దారిపొడవున బంకులలో పెట్రోలు నిండుకొనెను. ఎక్కడ చూచినను ఆగిపోయిన కార్లు, వాటి నీడలో పండుకొనిన పసిపిల్లలు, వారికి అట్టముక్కలతో విసరుచున్న తల్లులు.

మేము పోవు వైపున ఇంత రద్దీ ఉండగా, హూస్టనువైపునకు వచ్చు ఎదురు బాటలు గంటలతరబడి ఖాళీగా పడియుండినవి. ఆ మధ్యాహ్నము అధికారులు ఆ బాటలను కూడ ఉత్తరమునకు పోవువారికి తెరచిరి. ఆ ఏర్పాటు ముందుగా సిద్ధపరచియుంచినది కాదు. అప్పటికప్పుడు చేసినది. అందువలన దానికి గంటలు పట్టెను.

మా ప్రక్కనున్న కారులో ఒక ముదుసలి దంపతులు ఉండిరి. మా కార్లు రెండును ఆరు గంటలు ప్రక్కప్రక్కననే నడచినవి. నడచినవనుటకంటె నిలిచినవనుట సరి. ఆ పెద్దాయనకు మధుమేహము. ఆయన మందును చల్లగా ఉంచవలెను. వారి డబ్బాలోని మంచు కరగిపోయెను. మావద్దనున్న మంచు ముక్కలు వారికి ఇచ్చితిమి, పులిహోరయు పెట్టితిమి. ఆ అవ్వ రుచిచూచి, ఇంత పుల్లని అన్నము ఇంత ఎండకు ఎట్లు నిలుచుచున్నదని అడిగెను. పులుపు ఉన్నందుననే నిలుచుచున్నదని గుంటూరు మిత్రుడు బదులు చెప్పెను.

మా మెక్సికో మిత్రుడు రేడియోను స్పానిషు ప్రసారమునకు తిప్పెను. ముందున్న ఒక ఊరిలో బడి తెరచి నీరు, రొట్టెలు ఇచ్చుచున్నారను మాట మేము మొదట ఆ భాషలోనే వింటిమి. ఆ బడిలో ఊరివారు కుర్చీలు వేసి, వచ్చినవారికెల్ల సీసాలతో నీరు అందించుచుండిరి. పేరడిగినవారు లేరు, ఊరడిగినవారు లేరు. "ఇంకెవరైనా కారులో ఉండిపోయారా?" అని మాత్రమే అడిగిరి.

రాత్రియంతయు అట్లే సాగితిమి. 23వ తేదీ ఉదయము కోర్సికానా దాపులకు వచ్చునప్పటికి రేడియోలో ఒక ఘోరవార్త వింటిమి. డల్లాసునకు దక్షిణమున విల్మరు అను ఊరివద్ద, వృద్ధాశ్రమమునుండి వృద్ధులను తెచ్చుచున్న బస్సు నిప్పంటుకొనినది. లేచి నడువలేనివారు అందు ఎక్కువమంది. కొందరికి శ్వాసకొరకు పెట్టిన ప్రాణవాయువు సిలిండర్లు మంటను పెంచినవి. ఇరువదిముగ్గురు మరణించిరి. చక్రపు బేరింగునకు తగిన కందెన లేక వేడెక్కి నిప్పు పుట్టెనని తరువాతి విచారణలో తేలినది. ఆ వార్త విన్న పిదప మా కారులో చాలసేపు ఎవరును మాటలాడలేదు. తుపానుకు చిక్కరాదని తెచ్చిన ముసలివారు తుపాను రాకముందే దారిలో పోయిరి.

మధ్యాహ్నము ఒంటిగంటకు డల్లాసు చేరితిమి. ముప్పదినాలుగు గంటలు పట్టెను. వరంగల్లు మిత్రునికి దూరపు పరిచయముగల తెలుగు ఇల్లు ఒకటి మాకు ఆశ్రయమిచ్చెను. మేము పోవునప్పటికే అచ్చట పదునేడుగురు ఉండిరి. ఆ ఇంటి అమ్మగారు అన్నము వడ్డించుచు, "మీది ఏ ఊరు నాయనా?" అని నన్ను అడిగిరి. "బరంపురమండి, ఒరిస్సా" అంటిని. "ఒరిస్సాలో మనవాళ్లున్నారా!" అని ఆమె విస్తుపోయిరి. (సభలో నవ్వులు.) మీరు నవ్వుచున్నారు. ఈ ప్రశ్న మనలో ప్రతి ఒక్కరును విన్నదే. చెన్నపట్టణమునందు, బెంగుళూరునందు, షోలాపురమునందు స్థిరపడిన మనవారును విన్నదే. మనము ఎచ్చటికి పోయినను మన చిరునామాతోపాటు మన చరిత్రను కూడ చెప్పుకొనవలసినవారము. చెప్పిన పిదప ఆమె నాకు మరియొక గరిటె పెరుగు వేసిరి.

లెక్క చూచినప్పుడు

24వ తేదీ తెల్లవారుజామున రీటా మూడవ తరగతికి తగ్గి, టెక్సాసు లూసియానా రాష్ట్రముల సరిహద్దున తీరము దాటెను. అది తూర్పునకు మరలుటచే హూస్టను బ్రతికెను. లూసియానాలోని కామెరూను ప్రాంతపు తీరగ్రామములు తుడిచిపెట్టుకొనిపోయినవి. అచ్చటి జనులు ముందే తరలిపోవుటచే ప్రాణములు దక్కించుకొనిరి. రీటా గాలికి, నీటికి నేరుగా బలియైనవారు పదిమందికి లోపు. టెక్సాసులో ఊరు విడిచిపోవు ప్రయత్నములో, ఎండకును, ప్రమాదములకును, రోగములకును, ఆ బస్సు మంటకును బలియైనవారు నూరుమందికి పైబడిరి.

ఈ లెక్క విని, ఇల్లు విడువకుండుటయే మేలని ఎవరైనను తలచినచో అది పొరపాటు. విడువకుండుట ఎట్టిదో న్యూ ఆర్లియన్సు చూపినది, కామెరూను దానికి బదులు చెప్పినది. హూస్టనులో జరిగినదేమి? నీరు వచ్చు చోట ఉన్నవారును, నీరు రాని చోట ఉన్నవారును ఒక్కమారే బయలుదేరిరి. కత్రీనా దృశ్యములు కన్నులలో మెదలుచుండగా ఎవరు నిలుతురు? గట్టి ఇంటిలో, మెట్ట ప్రాంతమున నిశ్చింతగా ఉండగలవారు సైతము ఇంటికి రెండేసి కార్లతో రోడ్డెక్కిరి. వారి వెనుక గాల్వెస్టనువారు చిక్కుకొనిరి. కారు లేనివారికి బస్సులు చాలలేదు. పెట్రోలు చాలలేదు. నడువలేనివారిని ముందుగా తరలింపవలెనను ఆలోచన చాలలేదు.

టెక్సాసువారు ఆ పాఠమును నేర్చుకొనిరి. తీరమును తపాలా సంఖ్యలనుబట్టి మండలములుగా విభజించి, ఏ మండలమువారు ఎప్పుడు కదలవలెనో ముందే నిర్ణయించిరి. ఎదురు బాటలను తెరచు పద్ధతిని సిద్ధపరచి ఉంచిరి. నీటినుండి పరుగెత్తుము, గాలినుండి దాగుము అను మాట అచ్చట సామెతవలె వాడుకకు వచ్చినది. 2008 సెప్టెంబరు 13న ఐక్ అను హరికేన్ గాల్వెస్టనును తాకినప్పుడు జనులు మండలముల వరుసను కదలిరి. రీటానాటి కల్లోలము మరల జరుగలేదు. 2017 ఆగస్టులో హార్వీ వచ్చినప్పుడు హూస్టను మేయరు సిల్వెస్టరు టర్నరు రీటానాటి మరణములను గుర్తుచేసి, నగరమును ఖాళీచేయుమని చెప్పలేదు. అప్పుడు గాలి కాదు, రోజులతరబడి కురిసిన వాన నగరమును ముంచెను. టెక్సాసులో ఒకచోట 60 అంగుళములు దాటి కురిసినది. హూస్టను విశ్వవిద్యాలయమున సుమారు 200 మంది భారతీయ విద్యార్థులు నీటి నడుమ చిక్కుకొనిరని అప్పటి మన విదేశాంగమంత్రి సుష్మా స్వరాజ్ ప్రకటించిరి. కావున ఎల్లప్పుడు పొమ్మనుటయు సరికాదు, ఎల్లప్పుడు ఉండుమనుటయు సరికాదు. ఏ ఇంటికి ఏ ప్రమాదమో ముందే తెలిసియుండుటయే ముఖ్యము.

మన తీరము

ఇక మన సంగతి. ఈ విషయమున మనము అమెరికావారికంటె వెనుకబడినవారము కాము. 1999 అక్టోబరు 29న పారాదీపు ప్రాంతమును తాకిన పెనుతుపానులో ఈ రాష్ట్రమున సుమారు పదివేలమంది మరణించిరి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మన గోపాల్‌పూరు వద్దనే తీరము దాటెను. గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటినది. కాని దానికి ముందే సుమారు పది లక్షలమందిని తరలించిరి. ఈ రాష్ట్రమున, తరువాత వచ్చిన వరదలతో కూడ కలిపి, మృతుల సంఖ్య ఏబదికి లోపలనే నిలిచినది. పదునాలుగేండ్లలో ఇంత మార్పు వచ్చినది.

హూస్టనులో మేము నాలుగువందల కిలోమీటర్లు పోతిమి. ఇచ్చట గోపాల్‌పూరు, ఆర్జిపల్లి తీరమువారు ఆశ్రయకేంద్రమునకు, బడికి, గట్టి కట్టడమునకు చేరుటకు నాలుగైదు కిలోమీటర్లు చాలును. మనకు కావలసినది దూరము కాదు, ఎత్తు. మేడ ఇల్లుగల పట్టణవాసి ఇంటిలోనే ఉండి, తీరమువారికి దారియు, చోటును ఇయ్యవలెను. మన వాతావరణ శాఖవారు తుపాను తీరము దాటుటకు 72 గంటలకు ముందు తొలి సూచనను, 48 గంటలకు ముందు అప్రమత్తతను, 24 గంటలకు ముందు హెచ్చరికను ఇచ్చుచున్నారు. కాలము చాలినంత ఉన్నది. ఆ మాట అందరికిని చేరినదా అనునదే ప్రశ్న.

ఇచ్చటనే మన భాష వచ్చుచున్నది. మన గంజాము తీరమున వేటకు పోవు వాడబలిజలు, జాలారులు తెలుగు మాట్లాడుదురు. ఇరుగుపొరుగువారు వారిని నోళియాలు అందురు. ప్రభుత్వ ప్రకటనలు ఒడియాలో వెలువడుట సహజము, న్యాయము. వేటకు పోవు మగవారికి ఆ భాష వచ్చును. బడికి పోవు పిల్లలకు వచ్చును. కాని పాకలోని ముసలవ్వకు రాదు. ఒకే ఇంటిలో అవ్వకు ఒడియా రాదు, మనుమరాలికి తెలుగు లిపి రాదు. కరపత్రము ఏ లిపిలో అచ్చువేసినను సగము ఇల్లు దానిని చదువలేదు. కాని ఇద్దరికిని చెవులున్నవి. మన పూర్వులు టముకు వేయించినది అందుకే. హూస్టనులోని వియత్నామీ రేడియో చేసినదియు అదే. హెచ్చరిక చదువవలసినదిగా గాక, వినవలసినదిగా ఉండవలెను.

చేయదగిన పనులు

సభవారి ఎదుట నాలుగు మనవులు ఉంచుచున్నాను.

మొదటిది. ఒడియాను, తెలుగును రెండింటిని ఎరిగిన యువతీయువకులు తీరపు పల్లెకు ఇద్దరు చొప్పున ముందుకు రావలెను. అధికారులు ప్రకటన చేసినప్పుడు దానిని వీధివీధిన తెలుగులో గొంతెత్తి చెప్పవలెను. ఫోనులలో తమ గొంతుతోనే పంపవలెను. ప్రకటనలో ఉన్నదానికి ఒక మాట కలుపరాదు, ఒక మాట తీయరాదు. ఆపదవేళ వదంతి కూడ ఒక ఉప్పెనయే. జిల్లా అధికారులకు ముందుగా తెలిపి, వారి అనుమతితోనే ఈ పని చేయవలెను.

రెండవది. ఒంటరిగా నున్న వృద్ధులు, మంచముపట్టినవారు, గర్భవతులు, ప్రతిదినము మందు పుచ్చుకొనువారు ఎవరెవరో ఒక జాబితా వ్రాయవలెను. ప్రతి పేరునకు ఎదురుగా వారిని తోడ్కొనిపోవు ఒక మనిషి పేరు ఉండవలెను. వారు మొదట కదలవలెను, పగటివేళ కదలవలెను. విల్మరు బస్సులోని వృద్ధులను తలచుకొన్నచో ఈ మాటకు వివరణము అక్కరలేదు.

మూడవది, కాగితముల సంచి. 1936లో ఈ జిల్లా మద్రాసు రాష్ట్రమునుండి ఒరిస్సాలో చేరినది. అంతకు పూర్వపు దస్తావేజులు తెలుగులో ఉన్న ఇండ్లు మనలో ఇంకను కలవు. తాతలనాటి ఆ కాగితము తడిసి పోయినచో పోయినది భూమి ఒక్కటే కాదు, మనము ఇచ్చటివారమే అను సాక్ష్యము. పిల్లల సర్టిఫికెట్లు, భూమి పత్రములు, గుర్తింపు కార్డులు నీరు చొరని సంచిలో ఒక్కచోట ఉంచుడు. వాని నకళ్లు వేరొక ఊరిలోని బంధువులవద్ద ఉంచుడు.

నాలుగవది, విదేశములకు పోవు మన బిడ్డలకొరకు. పోయిన మొదటి వారములోనే తాము నివసించు ఇల్లు పల్లమో మెట్టయో, అచ్చటి వాగు ఎచ్చట పొంగునో, ఆపద వచ్చినచో ఏ మండలమువారు ముందు కదలవలెనో తెలిసికొనవలెనని చెప్పుడు. కారు లేని విద్యార్థి కారు ఉన్నవారితో ముందే మాట చేసికొనవలెను. విద్యాలయమందలి విదేశీ విద్యార్థుల కార్యాలయమునకు తాను ఎచ్చటికి పోవుచున్నదియు తెలుపవలెను. ఇంటివారికి క్షణక్షణము ఫోను చేయుటకంటె, ఒక బంధువునకు ఒక్కమారు చెప్పి, ఆయనద్వారా అందరికిని తెలియజేయుట మేలు. అట్టివేళ ఫోనులు సులభముగా కలియవు, బ్యాటరీ నిలువదు.

మహాశయులారా, మన సంఘము భాషకొరకు ఏర్పడినది. బడులలో తెలుగు ఉండవలెనని, పరీక్షలలో తెలుగు ఉండవలెనని, రేడియోలో తెలుగు వినబడవలెనని మనము ఎన్నో వినతిపత్రములు వ్రాసితిమి. వ్రాయుచునే ఉందము. కాని ప్రభుత్వమును అడుగనక్కరలేని పని ఒకటి మన చేతిలోనే ఉన్నది. తుపాను వచ్చు రాత్రి పాక తలుపు తట్టి, ఆ ముసలవ్వకు అర్థమగు మాటలో, "అవ్వా, ఉప్పెన వస్తున్నాది, లే, నా చెయ్యి పట్టుకో" అని చెప్పుట. ఆ పనికి పేర్లిచ్చువారికొరకు బల్లపై ఒక పుస్తకము ఉంచినాము. తుపానులు ఎక్కువగా వచ్చు కాలములలో ఒకటి అక్టోబరు, నవంబరు మాసములు. అంతలోగా గోపాల్‌పూరు, ఆర్జిపల్లి పల్లెలకైనను ఇద్దరిద్దరి పేర్లు ఆ పుస్తకమున చేరవలెనని ప్రార్థించుచున్నాను.